చిన్న గేరుకు ఉద్వాసన

"నాకు తెలియదు" అన్న మాట బుల్లబ్బాయి నోట వచ్చిన రోజు ఆయన్ని ఎరిగినవాళ్లెవరికీ జ్ఞాపకం లేదు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఇరవై ఆరేళ్లు జిరాక్స్ దుకాణం నడిపిన మనిషి. కోచింగుకొచ్చిన పిల్లలు నోట్సు కాపీల కోసం వచ్చి, మిషను వేడెక్కేలోగా ఆయన దగ్గర ఒక కథ వినేసి పోయేవారు. అమలాపురం ఎటని అడిగినా చెప్పేవాడు, అమెజాన్ నది ఎంత లోతని అడిగినా చెప్పేవాడు. ఆ లోతు కూడా మూరల్లో చెప్పేవాడు.

గోదావరి వరదలో గేదె మీద కూర్చుని ఏడో తరగతి పరీక్షకు వెళ్లిన కథ ఆ రోజుల్లో బాగా ఆడింది. ఆ గేదెను హెడ్మాస్టరు గారు బడి గుంజకు కట్టించి, పరీక్ష అయ్యేదాకా గడ్డి వేయించారట. ఫలితాల్లో దాని పేరు కూడా ఉందని కుర్రాళ్లను బట్టి ఒక్కోసారి కలిపేవాడు.

ఇంట్లో మాత్రం ఈ సరుకు చెల్లేది కాదు. భార్య వసుమతి చివరిదాకా వినేది, విని "సరేలెండి, ఆ బెండకాయలు తరగండి" అనేది. ఆయన చెప్పడమూ, ఆవిడ నమ్మకపోవడమూ. నలభై ఒక్క ఏళ్ల కాపురం ఈ రెండు చక్రాల మీదే ఏ కుదుపూ లేకుండా నడిచింది.

అలాంటి వసుమతి ఒకే ఒక్కసారి నమ్మింది. ఇప్పుడా ఒక్కటే వచ్చి బుల్లబ్బాయి పీకకు చుట్టుకుంది.

రెండేళ్ల కిందట కొడుకు వంశీకృష్ణ ఫోర్ బై ఫోర్ బండి కొన్నాడు. వానొస్తే పంజాగుట్ట దగ్గర నీళ్లు నిలిచి చిన్న కారు మొరాయిస్తోందన్నది పైకి చెప్పిన కారణం. బస్సు డ్రైవరంత ఎత్తున కూర్చుని ఆఫీసుకు వెళ్లాలన్నది లోపలి కారణం. బల్కంపేట ఎల్లమ్మ గుడి ముందు బండి పూజ పెట్టుకున్నారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం అయ్యాక వసుమతి కుంకుమ భరిణె పట్టుకుని బండిలోకి తొంగి చూసింది. మామూలు గేరు కర్ర పక్కన ఇంకో పొట్టి కర్ర కనిపించింది.

"ఇదేంటండీ?" అంది.

బుల్లబ్బాయికి తెలియదు. తెలిసిన కొడుకు నాలుగడుగుల అవతల పూజారితో మాట్లాడుతున్నాడు. ఒక్క కేక వేస్తే పోయేది. కానీ భార్య తనని అడిగాక ఇంకొకణ్ణి పిలవడమా?

"అదా? దేవుడి కోసం వదిలిన చోటు" అన్నాడు. "కొండలెక్కే బళ్లన్నిటికీ ఉంటుంది. డ్రైవరు పక్కనే స్వామి కూర్చుంటాడన్నమాట. దాన్ని కదపకూడదు. పైన అంకె చూడు, నాలుగు. నాలుగు చేతులని గుర్తు."

అని, అలవాటు కొద్దీ "సరేలెండి" కోసం ఎదురుచూశాడు. వసుమతి సరేలెండి అనలేదు. చెప్పులు విడిచి, ఆ పొట్టి కర్రకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టింది. ఎందుకు నమ్మిందో ఆయనకు అప్పుడూ అర్థం కాలేదు, ఆ తర్వాతా అర్థం కాలేదు.

ఆ రాత్రే వంశీకృష్ణ తండ్రిని బాల్కనీలోకి లాక్కెళ్లాడు. "నాన్నా, అది ఫోర్ వీల్ డ్రైవ్ గేరు! అది వేస్తేనే నాలుగు చక్రాలూ లాగుతాయి."

"మెల్లిగా ఏడు. రెండు వారాల్లో తనే మానేస్తుంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు వెళ్లడానికి నీకు నాలుగు చక్రాలూ లాగాలా?"

అక్కర్లేకపోయింది. ఆవిడ మానేయనూ లేదు. ప్రతి శుక్రవారం పొద్దున్నే సెల్లారులోకి దిగి పసుపు, గంధం, కుంకుమ. దసరాకు కర్ర పిడి మీద పట్టు గుడ్డ. మనవరాలు యశస్వినికి టైఫాయిడ్ తగ్గినా, కోడలు భావనకు ఆఫీసు మారి ఇంటికి దగ్గరైనా, అంతా స్వామి చలవే. అపార్ట్‌మెంటులో పరీక్షలున్న పిల్లలు పొద్దున్నే వచ్చి బండి చుట్టూ మూడుసార్లు తిరిగి వెళ్లేవారు. ఈ మాట బుల్లబ్బాయి చెప్పి ఉంటే ఎవరూ నమ్మరు గానీ, వాచ్‌మన్ సాక్ష్యం ఉంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కిందటి నెల వంశీకృష్ణ ఒక క్లబ్బులో చేరాడు. ఫోర్ బై ఫోర్ బళ్లున్న కుటుంబాలు ఆదివారం పూట ఊరు దాటి, రాళ్లూ వాగులూ ఉన్న దారుల్లో బళ్లు నడిపి, అక్కడే వండుకు తిని వస్తాయి. నడిపించే ఆయన పేరు యేసురాజు. ఎస్.ఆర్. నగర్‌లో ఉంటాడు, డ్రైవింగ్ నేర్పుతాడు. ఆయన పెట్టిన షరతు ఒకటే, ఇంటిల్లిపాదీ రావాలి.

ఆ మాట విన్న పూట బుల్లబ్బాయికి అన్నం సహించలేదు. రాళ్లలోకి వెళ్తే ఆ గేరు వెయ్యాల్సిందే. వేస్తే గుట్టు బయటపడాల్సిందే. వసుమతి తిడుతుందన్న భయం కాదు. తిట్లకు ఆయన ఎప్పుడో అలవాటు పడ్డాడు. నమ్మిన ఒక్కసారీ నలుగురిలో నవ్వులపాలు చేశాడని తెలిశాక, ఆవిడ ఇక తన కథలు చివరిదాకా వినదు. సరేలెండి అని కూడా అనదు. ఆ మాట వినపడని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించబోయి, ఊహించలేక, లేచి మంచినీళ్లు తాగాడు.

ముందు ఆవిణ్ణి ఇంట్లో ఉంచాలని చూశాడు.

"నీ మోకాళ్లకు ఆ కుదుపులు పడవే. పైగా అక్కడ చిరుతపులి ఉందిట. పోయినవారం ఒకాయన టిఫిన్ బాక్సు మూత తీసుకుని తినేసి, మళ్లీ మూత పెట్టి పోయిందిట."

"సరేలెండి. నా స్వామి ఉన్న బండి నేను లేకుండా ఎక్కడికెళ్తుంది?" అని పులిహోరకు చింతపండు నానబెట్టింది.

తర్వాత నిజం చెప్పేద్దామని వంటింటి గుమ్మం దగ్గరికి మూడుసార్లు వెళ్లాడు. మొదటిసారి కరివేపాకు కోసుకు రమ్మంది. రెండోసారి ఫోన్లో చెల్లెలితో స్వామి మహిమ చెబుతోంది. మూడోసారి తీరిగ్గానే ఉంది, "ఏంటి?" అని కూడా అడిగింది. ఆయనే "ఏం లేదు" అని వెనక్కి వచ్చాడు. అబద్ధాలు అలవోకగా చెప్పే నోటికి నిజం ఇంత బరువని ఆయనకు డెబ్బయ్యో ఏట తెలిసింది.

ఆదివారం ఐదున్నరకల్లా పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద మూడు బళ్లు వరసగా ఆగాయి. ముందు బండిలోంచి యేసురాజు దిగాడు. తల నెరిసిన భారీ మనిషి. వెనకే ఆయన భార్య సుమిత్ర, ఫ్లాస్కులో టీ పట్టుకుని.

"నమస్తే అమ్మా. ఫికర్ చెయ్యకుండ్రి. ఏనుగు మీద కూసున్నట్టే ఉంటది" అన్నాడు యేసురాజు.

"మా ఊళ్లో ఏనుగు ఉండేది" అని మొదలుపెట్టాడు బుల్లబ్బాయి. "పోస్టు పంచేది."

"సరేలెండి" అంది వసుమతి. ఆ మాట ఇంకెన్ని గంటలు వినపడుతుందో అనుకుంటూ ఆయన టీ అందుకున్నాడు.

వికారాబాద్ దాటాక తారు రోడ్డు వదిలి, సుమిత్ర వాళ్ల బంధువుల బీడు భూమి దగ్గర ఆగారు. యేసురాజు ఒక్కో చక్రం దగ్గర కూర్చుని గాలి తీయడం మొదలుపెట్టాడు. వసుమతికి ప్రాణం ఉసూరుమంది.

"కొట్టించుకొచ్చిన గాలి అంతా తీసేస్తున్నారేంటండీ?"

"టైరు జర మెత్తగుంటె రాయిని మంచిగ పట్టుకుంటదమ్మా. పొయ్యేటప్పుడు మళ్ల కొడత."

అందరూ ఎక్కాక వాకీటాకీలో ఆయన గొంతు వినిపించింది. "అందరు చిన్న గేరు ఒకసారి ఏసి చూస్కోండ్రి."

"చిన్న గేరంటే ఏంట్రా?" వెనక సీట్లోంచి వసుమతి అడిగింది.

వంశీకృష్ణ అద్దంలో తండ్రి ముఖం చూశాడు. తండ్రి కిటికీలోంచి ఒక గొర్రెను శ్రద్ధగా చూస్తున్నాడు. ముందు సీట్లో భావన పెదవి కొరుక్కుని ఆకాశం వైపు తిరిగింది.

"తర్వాత చెప్తానమ్మా" అని, గేరు చూసుకోకుండానే వంశీకృష్ణ బండి కదిపాడు.

గంటసేపు ఏ ఇబ్బందీ లేదు. సీతాఫలం పొదల మధ్యనుంచి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్రాళ్ల పక్కనుంచి బండి ఊగుతూ పోయింది. కౌజుపిట్టలు బిలబిలమని లేచాయి. వసుమతి యశస్వినిని పట్టుకుని, "అదిగో! అదిగో!" అని చిన్నపిల్లలా నవ్వింది. మోకాళ్ల ఊసే లేదు. ఆవిడ అంత నవ్వడం చూసి బుల్లబ్బాయికి సంతోషం వేయాల్సింది పోయి, గుండెలో రాయి పడింది.

తర్వాత వాగు వచ్చింది. నీళ్లు చీలమండలోతు, అవతలి గట్టు మాత్రం ఎర్రమట్టి, నిటారుగా ఉంది. ముందు రెండు బళ్లూ చీమల్లా నెమ్మదిగా ఎక్కేశాయి. వంశీకృష్ణ బండి సగం ఎక్కి ఆగింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి బురద చిమ్మాయి. ఇంకోసారి తొక్కితే ఇంకో జానెడు దిగబడింది. యేసురాజు గట్టు దిగి వచ్చాడు.

"అన్నా, చిన్న గేరు ఏసినవా?" అంటూ తలుపు తీసి లోపలికి చూసి, ఆగిపోయాడు. పసుపు పొరలు పొరలుగా ఎండి, బొట్టు మీద బొట్టు కట్టి, మల్లెపూల దండతో, పట్టు గుడ్డతో చిన్న గేరు కళకళలాడుతోంది.  ఆయన ఒక అడుగు వెనక్కి వేసి బూట్లు విప్పి, గట్టు మీద పెట్టి, మళ్లీ వచ్చాడు.

"అమ్మా, నేను ముట్టుకోను. ఇది జర ఎనక్కి లాగాలె. అప్పుడు ముందు చక్రాలు సుత లాగుతయి. మీరెట్ల చెప్తె అట్ల."

"స్వామిని లాగడమేంటి?" అంది వసుమతి.

"అమ్మా, అది గేరమ్మా" అన్నాడు వంశీకృష్ణ, స్టీరింగు వైపు చూస్తూ.

వసుమతి తల తిప్పి భర్తను చూసింది. సరిగ్గా ఆ క్షణాన బుల్లబ్బాయి నాలుక మీదికి ఒక బ్రహ్మాండమైన కథ వచ్చి కూర్చుంది. కష్టం వచ్చినప్పుడు స్వామే గేరుగా మారతాడని, దాన్ని తయారుచేసిన కంపెనీ వాళ్లకు కూడా ఈ రహస్యం తెలియదని. చెబితే సగమైనా నమ్మేదే. కొడుకూ కోడలూ నోరెత్తరు. గండం గడుస్తుంది.

ఆయన ఆ కథను మింగేశాడు.

"గేరే" అన్నాడు. "ఆ రోజు నువ్వు అడిగినప్పుడు నాకు తెలియదు. తెలియదని చెప్పలేక చెప్పాను. ఆ రాత్రే తెలిసింది. అప్పుడూ చెప్పలేదు."

  వసుమతి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దిగి, నీళ్లలోంచి నడిచి, పెద్ద బండరాయి మీద అటు తిరిగి కూర్చుంది. సుమిత్ర వెళ్లి పక్కన కూర్చుంది. బుల్లబ్బాయి వెళ్దామని కాలు బయట పెట్టాడు.

"ఇప్పుడొద్దు మామయ్య గారూ" అంది భావన మెల్లిగా.

పది నిమిషాలు గడిచాయి. యేసురాజు తాడు తెచ్చి, వెనక నుంచి లాగడమా, ముందు నుంచి లాగడమా అని కొలతలు చూస్తున్నాడు. అప్పుడు లేచింది వసుమతి.

"తాడు వద్దు బాబూ. సుమిత్ర గారూ, వంటకు బియ్యం తెచ్చారన్నారే, ఒక గుప్పెడు ఇస్తారా?"

సుమిత్ర గిన్నెలో బియ్యం తెచ్చింది. వసుమతి కాళ్లు కడుక్కుని, భావనను దింపి తను ముందు సీట్లో కూర్చుంది. గేరు మీద ఎండిన పసుపు గోటితో గీరి, రెండు చుక్కల నీళ్లతో బియ్యానికి పట్టించింది. అక్షతలయ్యాయి.

"రెండేళ్లు పూజ చేశాను. అది ఏమైతేనేం. పూజ చేసిన దాన్ని ఉద్వాసన చెప్పకుండా కదపకూడదు" అంది, ఎవరి వైపూ చూడకుండా. వినాయక చవితి మర్నాడు ఇంట్లో చెప్పుకునే మంత్రమే చెప్పి, అక్షతలు వేసి, పట్టు గుడ్డ తీసి మడిచి ఒళ్లో పెట్టుకుంది. "ఎటు కదపాలి?"

"ఎనక్కి అమ్మా. గట్టిగ."

లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. రెండేళ్ల పసుపూ గంధమూ సిమెంటులా పట్టేశాయి. బుల్లబ్బాయి వెనక సీట్లోంచి చెయ్యి చాచబోయాడు.

"మీరు ముట్టుకోకండి" అంది.

"అన్నా, క్లచ్ తొక్కి బండిని జర జారనియ్యి" అన్నాడు యేసురాజు. బండి బెత్తెడు వెనక్కి జారింది. వసుమతి రెండు చేతులా పట్టుకుని లాగింది. లోపల ఎక్కడో ఖణేలుమంది. పసుపు పెచ్చులు రాలాయి.

"పడ్డది! ఇగ మెల్లగ పోనియ్యి!"

ఈసారి చక్రాలు గిర్రున తిరగలేదు. నాలుగూ మట్టిని పట్టుకుని, ముసలావిడ మెట్లెక్కినట్టు ఒక్కొక్కటే ఎక్కాయి. గట్టు మీదికి రాగానే యశస్విని చప్పట్లు కొట్టింది. సుమిత్ర ఎదురొచ్చి, "మస్తు వేసిండ్రమ్మా!" అంది. వసుమతి ముఖంలో చిన్న వెలుగు వచ్చింది గానీ అది వెనక సీటు దాకా రాలేదు.

ఆ రోజంతా చిన్న గేరు ఆవిడదే. రాళ్లు వస్తే యేసురాజు వాకీటాకీలో "అమ్మా, ఎనక్కి" అనేవాడు, చదును రాగానే "అమ్మా, ముందుకు" అనేవాడు. ఆవిడ వేసేది. మధ్యాహ్నం చింత చెట్ల నీడలో అన్నం, పులిహోర, సుమిత్ర చేసిన టమాటా పప్పు. ఎవరో బుల్లబ్బాయిని కథ చెప్పమన్నారు. ఆయన వసుమతి వైపు చూసి, "ఈ పూట వద్దులెండి" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన కథ చెప్పనన్న పూట అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో కూడా వసుమతి ముందే కూర్చుంది. మెహదీపట్నం దాటారు. బంజారా హిల్స్ ఎక్కి దిగుతుండగా, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఇంకో సంగతి కూడా నేను నమ్మాను. అదీ చెప్పండి."

"ఏది?"

"అత్తయ్య గారు పోయేముందు రోజు. ఆస్పత్రిలో మీరున్నారు, వీడి పరీక్షలని నేను ఇంట్లో ఉన్నాను. అత్తయ్య గారు నా గురించి మాట్లాడారని చెప్పారు. నా కోడలు బంగారం అన్నారని, కంటనీరు పెట్టుకున్నారని, వచ్చే జన్మలో కూతురిగా పుట్టమని చెప్పమన్నారని. ఉన్నన్నాళ్లూ ఒక్క మంచి మాట అనని మనిషి. పద్ధెనిమిదేళ్లుగా ఆ మాట పట్టుకునే ఉన్నాను. అదీ నాలుగు చేతులేనా?"

వంశీకృష్ణ బండి వేగం తగ్గించాడు. పంజాగుట్ట దగ్గర ఎర్ర లైటు పడి బండి ఆగింది.  ఆ సంగతిలో నిజం ఉంది. కానీ తను నిజమంటే ఇవాళ నిజమని ఎవరు నమ్ముతారు? ప్రమాణం చేద్దామనుకున్నాడు. జిరాక్స్ దుకాణంలో రోజుకు నాలుగు ప్రమాణాలు చేసిన చెయ్యది.

"కొంత కలిపాను" అన్నాడు.

"కలిపినది తీసేసి చెప్పండి."

సిగ్నల్ పడింది. బండి మెట్రో స్తంభాల వెంట అమీర్‌పేట వైపు కదిలింది.

"సాయంత్రం అయింది. అమ్మ కళ్లు తెరిచింది. వసుమతి ఏది అంది. ఇంటికెళ్లిందన్నాను. అన్నం తిన్నదా అని అడిగింది. తిని ఉంటుందన్నాను. అటు తిరిగి పడుకుంది."

"తర్వాత?"

"తర్వాత ఏం లేదు. అంతే."

"బంగారం అనలేదా?"

"లేదు."

"ఏడవలేదా?"

"లేదు. తిన్నదా అని మాత్రం అడిగింది."

 అమీర్‌పేట చౌరస్తాలో ఆటోలు, హాస్టళ్లకు వెళ్తున్న పిల్లలు, మిర్చి బజ్జీల బండి చుట్టూ జనం. బండి సందు తిరిగింది. అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి, వాగు దగ్గర దిగినప్పటి నుంచి మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"మీరు చెప్పిన వాటిలో ఇంత పొట్టిది ఎప్పుడూ వినలేదు" అంది. "నిజమే అయ్యుంటుంది."

ఒడిలో ఉన్న పట్టు గుడ్డ అంచుతో కళ్లు ఒత్తుకుని, మళ్లీ ముందుకు తిరిగింది. బుల్లబ్బాయి నోరు తెరిచాడు. ఇంకేదైనా కలపాలని నాలుక లాగింది. ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడు, బండి సెల్లారులోకి దిగేదాకా.